తొమ్మిదో షరతు మీద కళ్లజోడు పెట్టె

బీమా ఏజెంటు పాలసీ కాగితాలు పరిచాక, చివరి పేజీలో తొమ్మిదో షరతు మీద తన కళ్లజోడు పెట్టె పెడతాడు. యుద్ధంలో పోతే పైసా రాదని చెప్పే షరతు అది. మోసం చేయాలని కాదు. శుభమా అని సంతకం పెట్టేవాళ్ల ముందు ఆ మాటెందుకని. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఆ పెట్టె జరపలేదు. మనిషి నెమ్మది. చెప్పులు గుమ్మం బయట జంటగా విడుస్తాడు, ఇచ్చిన టీ చల్లారేదాకా మాట్లాడతాడు, సంతకం కాగానే సిరా ఆరేలా ఉఫ్‌మని ఊదుతాడు.

మొన్న ఓడలో వంట చేసే ఒకతని ఇంట్లో, అతని భార్య కలం పట్టుకుని ఆగింది. "కళ్లజోడు మీ ముక్కు మీదే ఉందిగా అన్నయ్యా, ఈ పెట్టె దేనికి కాపలా?" అంటూ ఎత్తి చదివింది. "సోమవారం ఈయన ఎక్కే ఓడ ఇప్పుడు యుద్ధం జరుగుతున్న సముద్రం మీదుగానే పోతుంది. ఈ కాగితం ఉందన్న ధైర్యంతోనే పంపుతున్నా." ఏజెంటు ఆమె చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టాడు. "ఇది మీకు పనికిరాదు చెల్లెమ్మా. యుద్ధానికి విడిగా బీమా ఉంటుంది, ఓడ కంపెనీ చేయించాలి. ఆ కాగితం చేతికొచ్చాకే బావగారిని ఓడెక్కనివ్వమ్మా." "కంపెనీ ఆ కాగితం ఇవ్వకపోతే?" అని వంటింట్లోంచి భర్త అడిగాడు. "ఇంట్లోనే వండిపెట్టండి," అంది ఆమె. ముగ్గురూ నవ్వారు.

మర్నాడు పొద్దున ఏజెంటు ఒక దర్జీ కొట్లో కాగితాలు పరిచాడు. చెయ్యి అలవాటు కొద్దీ కళ్లజోడు పెట్టె తీసింది. దాన్ని మొదటి పేజీలో నవ్వుతున్న కుటుంబం బొమ్మ మీద పెట్టి, తొమ్మిదో షరతు నుంచి చదవడం మొదలుపెట్టాడు.