డచ్చి తాత, నా మీసం

ఒమాన్ దేశపు సూర్‌లో చెక్క ఓడలు కట్టే యార్డులో నేను వడ్రంగిని. మా మూలపురుషుడు ఏడు ఓడలకు అధిపతి అయిన డచ్చి సేనాని అనీ, నా పిల్లికళ్ళు ఆయనవేననీ ఇరవై ఏళ్ళుగా మా పనివాళ్ళ రూమ్‌లో చెబుతూ వచ్చాను. మొదట్లో ఒకటే ఓడ. వినేవాళ్ళు దొరికినప్పుడల్లా ఒకటి కలిపాను.

పక్క మంచం తాపీమేస్త్రిది జగిత్యాల. ఓ గురువారం సాయంత్రం వాడికి విసుగొచ్చింది.

"తాతా, గప్పాలు బంద్ జెయ్యి. రేపు జుమ్మా, డ్యూటీ లేదు. నీ తెల్లతాత దాక వరుసపెట్టి పేర్లు జెప్పు. లేకుంటె గా మీసం గీకేస్త."

"గీకెయ్" అన్నాను, దాన్ని మెలేస్తూ. నలభై ఏళ్ళ మీసం. అది లేని నా మొహం నాకే తెలియదు.

నాకు తెలిసిందల్లా తాత పేరు దాకా. మిగతావి నరసాపురంలో మా అక్కకు తెలుసు. మాది గోదావరి ఒడ్డున పడవలు కట్టిన ఇల్లు. దసరాకు కొయ్య చెక్కే బాడిసెకు బొట్టు పెట్టి, దాన్ని పట్టిన చేతుల పేర్లన్నీ ఇంటి ఆడపడుచు చదవడం ఆచారం. నేను ఆ పూట పులిహోర దగ్గర ఉండేవాణ్ణి. ఆ బాడిసె నాతో సూర్ వచ్చేశాక చదివించిందే లేదు.

శుక్రవారం ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"స్నానం చెయ్యకుండా ఆ పేర్లు ఎత్తనురా" అంది అక్క.

"నా మీసం పోద్దే!"

"పోతే మొలుస్తాదిలే. ఉండు, నాలుగు చెంబులు పోసుకొస్తాను."

అంతసేపూ మేస్త్రి నా ఎదుట కూర్చుని గిన్నెలో సబ్బు నురగ కలుపుతూనే ఉన్నాడు.

అక్క మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. తొమ్మిదిమంది పూర్వీకులు, ఒక్క గుక్కలో. చివర: "వలందా ఓడ దిగి మనకి కొయ్యపని నేర్పిన వడ్రంగి." వలందా అంటే డచ్చివాళ్ళే. రూమంతా ఈలలు!

"సేనాని అంటివి గద?" అన్నాడు మేస్త్రి.

"వడ్రంగే. ఆ ఏడు ఓడలూ నేను కట్టినవి, నోటితో."

అక్క ఇంకా ఆపలేదు. "నడుమ ఒకాయన మనింటి అల్లుడు, ఇంకొకాయన ఉత్త శిష్యుడు. రక్తం కలవదురోయ్."

మేస్త్రి కత్తి తెరిచాడు.

"ఆగరా. నీకు తాపీ పట్టడం నేర్పిందెవరు?"

"మా ఊరి పెద్దమేస్త్రి. సుట్టం గాదు."

"గోడ మొదలుపెట్టేటప్పుడు ఎవర్ని తలుచుకుంటావ్?"

వాడు కత్తి దించాడు. "ఆయన్నే" అని, ఆ నురగ తన గడ్డానికే పూసుకున్నాడు.

మీసం దక్కింది. తొమ్మిదిమంది పూర్వీకులన్నాను కదా, ఎనిమిదిమందే. అక్క అందరికంటే ముందు చదివింది నా పేరు.