వెండి బండి అద్దం

మా ఇంట్లో నల్లటి చిన్న కారు ఒకటుంది. దానికి రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి, తల దించి లోపలికి దూరాలి. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో పట్టుచీరతో ఒకసారి అలా దూరి, ఇక జన్మలో దూరనని ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచీ దాన్ని 'పెట్టె' అనే అంటుంది. నేను ఆ మాట వినబడనట్టు తిరుగుతుంటాను.

అది మామూలు కారు కాదు. అప్పట్లో ఏ సందులో చూసినా కనిపించే నాలుగు తలుపుల చిన్న కారునే కంపెనీ వాళ్లు ఒకసారి సరదాపడి, రెండు తలుపులకు కుదించి, తెల్ల మీటర్లు బిగించి, స్టీరింగుకు తోలు తొడిగి, స్పెషల్ ఎడిషన్ అని పేరు పెట్టి కొద్దిగా వదిలారు. నలుపు, వెండి, రెండే రంగులు. తర్వాత వాళ్ల సరదా తీరిపోయింది, తయారీ ఆపేశారు. మా బరంపురం షోరూముకు నల్లది ఒకటి, వెండిది ఒకటి వచ్చాయి. అప్పుడే మా బట్టల కొట్లో నాన్న పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంటిల్లిపాదీ పట్టే వ్యాను కొనమని ఆయన నెత్తీ నోరూ బాదుకున్నారు. నేను నల్లదాన్నే పట్టుబట్టి తెచ్చాను.

తేవడం తేవడం శనివారం తెచ్చాను. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి బండిని పైనుంచి కిందికి చూసింది.

"ఏట్రా ఇది? సనివారం నాడు ఇనప సామాను, అందులోనూ నలుపు. శనీశ్వరుడే తోలుకుంటూ ఒచ్చీసినట్టున్నాడు" అంది.

వ్యాపారం చేసుకునే ఇళ్లలో ఇలాంటి మాట పడితే ఇక దానికి విరుగుడు జరగాల్సిందే. కొత్త బండికి పసుపు కుంకుమ బొట్లు పెట్టడం అందరూ చేసేదే. మా నాయనమ్మకు బొట్లు చాలలేదు. ఇంత నలుపుకు అంత పసుపు కావాలని లెక్క వేసుకుంది. నేను కొట్టుకు వెళ్లిన సమయం చూసి, నువ్వుల నూనెలో పసుపు కలిపి, గడపకు రాసినట్టు బానెట్టుకూ, తలుపులకూ, వెనక డిక్కీకీ పట్టించింది. ఎండకు అది పిడకలా అతుక్కుపోయింది. పూజ అయ్యాక ఊరికే కడిగితే పోలేదు. పోనిది పోగొట్టడం ఆవిడకు తెలుసు కదా. బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని ఇత్తడి గుండిగ తోమినట్టు తోమేసింది.

నేను వచ్చేసరికి కారు బూడిదరంగులో ఉంది. డిక్కీ మీద స్పెషల్ ఎడిషన్ అని వెండి అక్షరాల స్టిక్కరు ఉండేది. అది ఆనవాలు లేకుండా పోయింది. నేను గొంతు చించుకుని అరిచాను, ఆ పూట అన్నం తినలేదు. ఆవిడ మాత్రం చేతులు కడుక్కుంటూ నిమ్మళంగా అంది.

"అచ్చరాలే కదరా పోనాయి, బండి ఉన్నాది కదా. ఇప్పుడు సూడు, నలుపు తగ్గినాది."

అలా మా ఊళ్లో ఉన్న ఒకే ఒక నల్ల స్పెషల్ ఎడిషన్ స్పెషల్ అని చెప్పుకునే దిక్కు లేకుండా అయింది. అయినా దాన్ని నేను ఎంత ప్రేమించానో నాకే తెలుసు. సాయంత్రం కొట్టు కట్టేశాక గోపాల్‌పూర్ రోడ్డెక్కితే, గేరు మార్చినప్పుడల్లా ఆ చిన్న ఇంజను ఉత్సాహంగా గుర్రుమనేది. సముద్రపు గాలి తగిలేదాకా పోయి, ఒక టీ తాగి, వెనక్కి తిరిగేవాణ్ణి. ఇప్పటి కార్లలో తెరలున్నాయి, మాటలున్నాయి, మనం చెయ్యడానికి ఏమీ లేదు. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మాయి నన్ను జాలిగా చూస్తుంది.

క్రితం వానాకాలంలో పెద్ద గాలి వీచినప్పుడు హల్దియాపదర్‌లో మా గోదాము పక్క షెడ్డు రేకు ఎగిరొచ్చి, కారు వెనక సీటు పక్కనున్న పొడవాటి అద్దాన్ని పగలగొట్టింది. మామూలు మోడలు అద్దాలు దానికి పట్టవు. ఆ అద్దం ఆ రెండు తలుపుల బండికే చేశారు. బండికి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించాల్సిన గడువు దగ్గర పడింది. అద్దం లేకుండా పాస్ చెయ్యరు. పాస్ కాకపోతే ఇక పాత ఇనుమే. భువనేశ్వర్‌లో అడిగాను, విశాఖపట్నం పాత సామాన్ల షాపుల్లో చెప్పులరిగేలా తిరిగాను. ఫోనులో ఆ కార్ల అభిమానుల గ్రూపులో పెడితే అందరూ రెండు చేతులు జోడించిన బొమ్మలు పంపారు. రాత్రి కళ్లు మూసుకుంటే ఇనుప కొట్టువాడు దాన్ని నలగ్గొడుతున్నట్టే ఉండేది. నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి మా మెకానిక్కే కబురు తెచ్చాడు. దిగపహండిలో మందుల షాపు నడిపిన ఒకాయన ఇంట్లో వెండిది ఉందట. ఆయన పోయాడు, ఆయన భార్య దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదట. పగిలిన అద్దం స్థానంలో ప్లాస్టిక్ కాగితం అంటించుకుని, మెకానిక్కును ఎక్కించుకుని నల్లదాంట్లోనే బయలుదేరాను. దారి పొడుగునా ఆ కాగితం నా చెవిలో టపటపా కొట్టుకుంటూనే ఉంది.

వెండిది పెరట్లో రేకుల కింద ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి, సీటు మీద కోడి పొదుగుతోంది. డిక్కీ మీద అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని నా మాటంతా విని, లేచి వెళ్లి నా కారు వెనక్కి చూసింది.

"దీని మీద అచ్చరాలు నేవు. ఇది ఆ బండి కాదు. పాత సామాన్లోలు ఇలాగే ఒస్తారు, ఒక్కో ముక్కా పీకి అమ్ముకుంటారు. ఎల్లండి బాబూ" అంది.

పసుపు సంగతి మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఆవిడ నవ్వలేదు. బానెట్టు మీదికి వంగి, ఎండ ఏటవాలుగా పడేలా తల పక్కకు తిప్పి, గుండ్రంగా తిరిగిన సన్నటి గీతల మీద వేలు రాసింది.

"ఇవి పీచు గీతలే. మీ మామ్మ చెయ్యి గట్టిదే" అంది. తర్వాత నన్ను కొత్తగా చూసింది. "అయితే ఆ నల్లదాన్ని పట్టుకెల్లిపోయిన బరంపురం బట్టల కొట్టు కుర్రోడివి నువ్వేనా?"

ఆవిడే చెప్పింది. సంగతేమిటంటే వాళ్లాయనా నల్లదే కోరుకున్నాడు. షోరూముకు వెళ్లేసరికి బట్టల కొట్టు కుర్రాడెవరో తీసుకుపోయాడన్నారట, వెండిది మిగిలింది. ఉన్నన్నాళ్లూ అందులో తిరుగుతూనే నల్లదాన్ని తలుచుకున్నాడట. పండక్కి బండి కడిగినప్పుడల్లా నన్ను తిట్టేవాడట. అద్దం మీద ఆశ వదిలేసుకుని, అవునమ్మా, నేనే అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన తిట్లు ఊరికే పోతాయేటి? ఆ అద్దం అందుకే పగిలుంటాది. ఇంక సాల్లే, పట్టుకెల్లు. కోడిని కదపకండి, అంతే."

అక్కడ కూలబడి ఏడవడం ఒక్కటే తక్కువ. మెకానిక్కు కోడి అవతలి పక్కనుంచి రబ్బరు ఊడదీసి, అద్దం పగలకుండా తీసి, నల్లదానికి అక్కడే బిగించాడు. అతికినట్టు సరిపోయింది. మరుసటి వారం ఫిట్‌నెస్ కూడా అయిపోయింది. సస్పెన్సు నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. డబ్బు ఇవ్వబోతే ఆవిడ నా చెయ్యి పక్కకు నెట్టింది.

"అద్దం తీసీసాక ఇది ఆయన బండి కాదు. పిల్లలు ఎప్పట్నించో అమ్మీమంటన్నారు, నాకే మనసొప్పలేదు. కోడి దిగినాక ఇచ్చీస్తాను" అని నల్లదాని తలుపు మీద చెయ్యి వేసి, "నన్నొక్కసారి అందులో తిప్పు" అంది.

మెకానిక్కును అరుగు మీద టీకి వదిలి, ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. బజారు దాటి బరంపురం రోడ్డెక్కాం. టపటపలు లేవు. నెలల తర్వాత నా బండి చప్పుడు నాకు వినిపించింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. నా గొప్ప చూపించుకుందామని గేరు మార్చి కొంచెం జోరు పెంచాను.

ఆవిడ తెల్ల మీటరు చూసింది. సీటు నొక్కి చూసింది. ఇంజను చప్పుడు చెవి ఒగ్గి విన్నది. బండి వెనక్కి తిప్పి ఊరి మొదట్లోకి వచ్చాం. ఇల్లు కనిపించాక కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. ముఖం ఎంతో తేటగా ఉంది.

"మాదే బాగుంది బాబూ" అంది. "పాపం, ఆయనకి తెలీనేదు."