డ్రమ్ములకు సెగ

నరసరావుపేట కాలేజీలో మా రాక్ బ్యాండుకు వాడు డ్రమ్మర్. డప్పు కొట్టేవాళ్ల ఇంటి పిల్లవాడు. నన్ను "ఒరేయ్" అని పిలిచేంత చనువుండేది. ప్రతి ప్రోగ్రాం ముందూ కాగితాలు మంటపెట్టి, తోలు బిగిసేలా డ్రమ్ములను సెగకు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవాడు. "ఒరేయ్, ఇప్పుడు ఇనరా" అనేవాడు.

గుంటూరు, హైదరాబాదు అయ్యాక దేశమంతా తిరిగే అవకాశం వచ్చింది. మొదటి ప్రోగ్రాం బొంబాయిలో. కొత్త డ్రమ్ములు కొన్నాం. బయల్దేరే రోజు వాడు అలవాటుగా వాటికీ సెగ చూపించాడు. అవి తోలువి కావు, ప్లాస్టిక్‌వి. ముడుచుకుపోయి చిల్లులు పడ్డాయి.

"డప్పనుకున్నావేందిరా? మీ బుద్ధులు యాడికి పోతయ్!" అన్నాడు మా పాటగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేరే డ్రమ్ములు కొని, వాడి బదులు ఇంకొకణ్ణి పెట్టుకుని రైలెక్కాం. రెండేళ్లు ఊళ్లు తిరిగాం.

మా నాన్న పోయినప్పుడు పాడె ముందు డప్పు కొట్టడానికి వచ్చినవాళ్లలో వాడున్నాడు. వరిగడ్డి మంట దగ్గర కూర్చుని డప్పు కాచుకుంటున్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను. గబుక్కున లేచి నిలబడ్డాడు.

"బొంబాయిలో డ్రమ్ములు బాగా మోగినయ్యా, బాబుగారూ?" అని అడిగాడు.