కొండ లేని ఊళ్ళో చిన్నాయన

మా చిన్నాయన పోయారు. చోళపురం దారిలోని పత్తిచేను నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చి, తిన్నెమీద నడుము వాల్చినవారు మళ్ళీ లేవలేదు. నాకు బళ్ళో చదువు తక్కువ. దారి చూసి నడవడం నేర్పినది ఆయనే. కనుక ఆయన దారి తప్పిన రోజును గురించే రాస్తున్నాను.

మా రాజపాళెంలో పడమట కొండలుంటాయి. చిన్నాయనకు కుడి ఎడమలు లేవు. ఉన్నది కొండపక్క ఒకటి, కొండకు వీపుపక్క ఒకటి. వంటింట్లో ఉప్పుజాడీ కూడా కొండపక్క గూట్లోనే ఉండేది. పంక్తిలో కూర్చున్నవారిని, "రవంత కొండపక్కకు జరుగు" అనేవారు. తెల్లవారగానే గడపలో నిలబడి ఒకసారి అటు చూస్తే తప్ప కాఫీ ముట్టేవారు కాదు.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో, వానాకాలంలో, కలకత్తా నుంచి తంతి వచ్చింది. అక్కడ కాపురముంటున్న ఆయన కూతురికి కడుపులో ఆపరేషను. నాయనను చూసిన తరువాతే లోపలికి వెళతానని చెల్లెలు పట్టుబట్టిందట. రైలుకు వ్యవధి లేదు. ఆయనా నేనూ మద్రాసులో, రాత్రిపూట టపా మోసుకుపోయే మెయిలు విమానం ఎక్కాం. చెవుల్లో పెట్టుకోమని దూది ఇస్తే చిన్నాయన దాన్ని వేళ్ళతో లాగి చూసి, మన పత్తి కాదన్నారు. నాగపూరులో విమానం మారాక మెల్లగా అన్నారు: "కింద ఊళ్ళుంటాయి గదా. మనం పైన పోతా ఉండామని వాళ్ళకు తెలీదు."

చెల్లెలి భర్త ఆసుపత్రి విడిచి రాలేకపోయాడు. విమానం కంపెనీ బస్సు మమ్మల్ని ఊరిమధ్య ఆఫీసు దగ్గర దింపింది. ఆసుపత్రి దగ్గరేననీ, తూర్పుగా నడిస్తే చాలుననీ అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆకాశమంతా మూసుకుపోయి ఉంది. సూర్యుడి జాడ లేదు. చిన్నాయన నాలుగు దిక్కులూ చూశారు. వీధి చివర, మేడల పైన, నీలంగా ఒక బారు కనిపించింది.

"అదో కొండ ఉండాది. ఇంక బయం లేదు. దానికి వీపు పెట్టి నడిస్తే తూర్పే."

నేనూ నమ్మాను. కొండ పడమట కాక మరొక దిక్కున ఉంటుందని నాకూ తోచలేదు. ట్రంకుపెట్టె చెరొక పక్క పట్టుకుని నడిచాం. ట్రాముల గంటలు, ఇరుకు సందులు, నేను కూడబలుక్కోను కూడా రాని అక్షరాల బోర్డులు. దగ్గరేనన్న ఆసుపత్రి ఎంతకీ రాలేదు. ఒక మలుపులో చిన్నాయన వెనక్కు తిరిగి ఆగిపోయారు. కొండ లేదు. అది మబ్బు, విడిపోయింది.

పెట్టె దించి, ఆయన ఉన్నచోటనే చుట్టూ తిరిగి చూశారు. నా భయం కంటే ఆయన భయం నన్ను ఎక్కువ భయపెట్టింది.

"కొండ లేని ఊళ్ళో మనుషులు ఇంటికెట్లా పోతారురా?" అన్నారు. కాసేపాగి, "బిడ్డ కాచుకోని ఉంటాది" అన్నారు.

మనిషి లాగే రిక్షా ఒకటి వచ్చింది. ఆసుపత్రి పేరు చెబితే అతను తలూపాడు. మనిషి లాగే బండిలో తాను కూర్చోనని చిన్నాయన పెట్టెను మాత్రం ఎక్కించారు. బండి ముందు, మేము వెనుక. వచ్చిన దారినే చాలా దూరం తిరిగి నడిచాం. అతను ఎక్కడ కనుమరుగవుతాడోనని చిన్నాయన దాదాపు పరుగెత్తారు.

చెల్లెలిని అప్పటికే చక్రాల మంచంమీద పడుకోబెట్టారు.

"యాడికి పోయినావు నాయనా?"

"కొండ చూసేదానికి పోయినాను తల్లీ."

అంత నొప్పిలోనూ అది నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేవరకు చిన్నాయన నా చెయ్యి వదలలేదు. చెల్లెలు బతికింది.

నిన్న అది కలకత్తా నుంచి వచ్చింది. ఈ ఉదయం చిన్నాయన నిలబడే గడపలోనే నిలబడింది. పడమరంతా వాన కమ్మి నల్లగా ఉంది.

"అన్నా, దాంట్లో కొండ ఏది, మబ్బు ఏది?"

నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. చూస్తూండగా ఆ నలుపులో కొంత మెల్లగా కదిలింది. కదలనిది మిగిలేదాకా ఇద్దరం గడప దిగలేదు.