నీళ్లు ముట్టని పరుగు

బండను చీల్చి అరణ్యంలో తన జనానికి నీళ్లు తాగించిన దేవునికి స్తోత్రం. నాలుక అంగిటికి అంటుకుపోయిన రోజున నా ఊపిరి పోనివ్వని దేవునికి స్తోత్రం. న్యాయం తీర్చడంలో ఆలస్యం చేసినా మరిచిపోనివాడికి మరీ మరీ స్తోత్రం. ఆ ఆలస్యం ఓర్చుకోలేక నేను పళ్లు కొరుకుతూ గడిపిన ఏడాది ఆయనకు తెలిసిందే. అందుకే ముందు ఆయనకు మహిమ చెల్లించి, ఆ తరవాతే నా సంగతి మొదలుపెడుతున్నాను.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, ఫ్రీమాంట్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నేను ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరుని. నా భార్య ఆస్పత్రిలో నర్సు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వెనక హాలు అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ కూడుకునేవాళ్లం. మాకు పాస్టరు లేడు. ఉన్నది పెద్దాయన. గోదావరి జిల్లా మనిషి, మా అందరికంటే ముందు ఇక్కడికి వచ్చినవాడు. మేము ఈ దేశంలో దిగిన రోజున ఎయిర్‌పోర్టుకి కారు వేసుకొచ్చి, మా పెట్టెలు మోసి, ఇంటికి తీసుకెళ్లి పప్పూ అన్నం పెట్టింది ఆయనే. ప్రసంగం ఆయనే చెప్పేవాడు, బల్ల ఆయనే ఇచ్చేవాడు. బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం ఒక రొట్టె ముక్క, చిన్న గాజు గ్లాసులో ద్రాక్షరసం. నేను పుట్టింది తెనాలి దగ్గర. అక్కడ మా చర్చిలో తప్పు చేశాడని బల్ల ఇవ్వడం ఆపేసిన మనిషి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అతని కూతురికి సంబంధాలు కూడా వచ్చేవి కావు.

ఆ రోజుల్లో ఎవరిని చూసినా పరుగే. పెద్దాయనకూ నాకూ అదే పిచ్చి. తెల్లారి ఆఫీసుకు వెళ్లేముందు వాగు గట్టు మీద మైళ్లకు మైళ్లు కలిసి పరుగెత్తేవాళ్లం. మా సంఘంలో మరో అలవాటు శుక్రవారం ఉపవాసం. అన్నం మాత్రమే కాదు, పొద్దు గుంకేదాకా నీళ్లు కూడా ముట్టకూడదు. మా ఊరి రన్నింగ్ క్లబ్ ఆ సెప్టెంబరులో మారథాన్ పెట్టింది. అది శనివారం పడింది.

పెద్దాయన గట్టు మీద ఆగి, నడుం మీద చేతులు వేసుకుని అన్నాడు. "తమ్ముడూ, ఈసారి శుక్రవారం ఉపవాసాన్ని శనివారం పందెం గీత దాటేదాకా పట్టుకుందాం. అన్నం లేదు, నీళ్లు లేవు. గీత దాటాకే నోరు తడుపుదాం. మన దేవుడెవరో ఈ తెల్లోళ్లకి తెలియాలి."

"వాళ్ల దేవుడు కూడా ఆయనే కదండీ, అన్నయ్యగారూ."

"వేళాకోళం వద్దు. ఉంటావా, ఉండవా?"

ఉంటానన్నాను. నీళ్లు తాగితే పొట్టలో పట్టేస్తుందని, తాగకుండా పరుగెత్తడమే మేలని అప్పట్లో పాత పరుగుగాళ్లు కూడా చెప్పేవాళ్లు. పెద్దాయన మాటా వాళ్ల మాటా ఒకటే అయ్యేసరికి నాకు అనుమానం రాలేదు. నా భార్య మాత్రం ఒప్పుకోలేదు. "ఉపవాసం కూర్చుని చెయ్యండి, పరుగు నీళ్లు తాగుతూ చెయ్యండి. రెండూ కలిపితే తిన్నగా మా ఆస్పత్రికే వస్తారు" అంది.

అలాగే వెళ్లాను. సగం దూరం వరకు ఒంట్లో తేలికగా ఉంది. దారి పక్కన నీళ్ల బల్లల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు కాగితం కప్పులు చాపుతుంటే చెయ్యి అడ్డంగా ఊపుకుంటూ పోయాను. ఎండ ముదిరింది. ఇరవయ్యో మైలు దాటాక చెమట ఆగిపోయింది. అంత ఎండలో చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలేసింది. నుదురు తడుముకుంటే వేళ్లకు ఉప్పు రాలింది. తరవాత నేల మీద ఉన్నాను. వెనక నుంచి పెద్దాయన వచ్చాడు. సన్నటి మనిషి, ఆయనకు మొదటి నుంచీ చెమట తక్కువ.

"లే తమ్ముడూ. స్తోత్రం చెప్పుకుంటూ లే."

నేను చెయ్యి పైకెత్తాను. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు. నన్ను చుట్టి వెళ్లిపోయాడు. ఆయన బూట్ల మడమలు దూరమవడం నేలకు చెంప ఆనించి చూశాను. ఎవరో ఒక అమెరికన్ ముసలాయన కూలర్‌లోని ఐసునీళ్లు నా మెడ మీద పోసి అంబులెన్స్‌కి ఫోను చేయించాడు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరు చెప్పాడు. సాయంత్రం పెద్దాయన వచ్చి నా మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాడు. బాగుచెయ్యమని కాదు. "ప్రభువా, ఈ తమ్ముడు దాచిపెట్టినదాన్ని బయటపెట్టు" అని.

నా భార్య సెలైన్ గొట్టం సరిచేస్తూ అంది. "ఆయన దాచిందేమీ లేదండీ అన్నయ్యగారూ. ఒంట్లో నీళ్లు లేవు, అంతే."

"చెల్లెమ్మా, నువ్వు ఒంటిని చూస్తున్నావు. నేను లోపల చూస్తున్నాను."

"లోపల చూడ్డానికి మాకు ఎక్స్‌రే ఉందండి."

ఆయన నవ్వలేదు. తరవాతి బల్ల ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పాడు. "ఇద్దరం ఒకే ఉపవాసం పట్టాం, ఒకే దారిలో పరుగెత్తాం. ఒకడు నిలబడ్డాడు, ఒకడు పడ్డాడు. ప్రభువు ఎవర్నీ ఊరికే పడెయ్యడు. తమ్ముడు తన పాపం ఒప్పుకునేదాకా బల్లకు దూరంగా ఉంటాడు."

రొట్టె పళ్లెం నా మోకాళ్ల మీదుగా పక్కవాళ్లకు వెళ్లింది. నా భార్య దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. ఆ రోజు నుంచి ఆమె కూడా బల్ల ముట్టలేదు. అంతకు ముందు సంఘంలో పాట ఎత్తుకునేది ఆమే. ఆ తరవాత ఎవరూ ఆమెను పాట ఎత్తమనలేదు. వంటల ఆదివారం కోడికూర ఎవరు తేవాలో మాట్లాడుకునేటప్పుడు ఆడవాళ్ల చూపు ఆమె మీద నుంచి జారి పక్కకు పోయేది. ఇంకో చర్చికి వెళ్లిపోవచ్చు కదా అంటారేమో. వెళ్తే ఆయన చెప్పింది నిజమని నేనే ఒప్పుకున్నట్టు. మేము అదే హాలులో, అదే రెండో వరుసలో కూర్చున్నాం.

శత్రువుల మీద తీర్పు అడిగే కీర్తనలు చిన్నప్పుడు సండేస్కూల్లో నాకు కంఠతా పట్టించారు. అవి ఎందుకున్నాయో ఆ ఏడాది తెలిసింది. రోజూ వాటినే ప్రార్థించాను. ఆయన నాలుక ఎండిపోవాలి. ఆయన మోకాళ్లు తడబడాలి. ఆయన పడాలి, నేను నిలబడి చూడాలి. ఇలా అడగడం తప్పని నాకు తోచలేదు. ఇప్పటికీ పూర్తిగా తోచదు.

నా పగకు కావలసిన సరంజామా నా భార్య సిద్ధం చేసింది. పరుగుకి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బాత్రూంలో కాటా ఎక్కించేది. తగ్గిన ప్రతి పౌనుకీ రెండు గ్లాసుల నీళ్లు బాకీ అనేది. మూత్రం పల్చటి నిమ్మరసం రంగులో ఉంటే పరుగుకి పంపేది, టీ రంగులో ఉంటే బూట్లు లాక్కునేది. ఒట్టి నీళ్లే కడుపు నిండా పట్టించినా ముప్పేనని, చెమటతో పోయే ఉప్పు కూడా లోపలికి వెళ్లాలని చెప్పి, నీళ్లలో ఉప్పూ పంచదారా నిమ్మరసం కలిపేది. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. మొదట్లో పరుగెత్తుతూ తాగితే కడుపులో నీళ్లు బిందెలో నీళ్లలా ఊగేవి. ఒక్కసారే గటగటా తాగడం మానేసి, దాహం వేయకముందే గుక్కెడు, మళ్లీ కాసేపటికి గుక్కెడు తాగడం నేర్చుకున్నాను. కడుపు కూడా కాళ్లలాగే నేర్చుకుంటుంది. ప్రతి గుక్కకీ పెద్దాయన ముఖం తలుచుకునేవాణ్ణి.

"తాగేటప్పుడు కూడా ఆయనేనా? అరగదండీ" అనేది నా భార్య.

మళ్లీ సెప్టెంబరు దగ్గరపడ్డాక పెద్దాయన హాలు బయట నా భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్ముడూ, ఈసారి నాతో ఉపవాసం పట్టు. గీత దాటు. ఆదివారం బల్ల నేనే నీ చేతికిస్తాను."

"నేను నీళ్లు తాగుతూనే పరుగెత్తుతానండి."

"అయితే బల్ల సంగతి మర్చిపో."

పందెం రోజున కొండల మీది నుంచి వడగాలి వీచింది. సంఘమంతా చివరి మలుపు దగ్గర కంజిర పట్టుకుని నిలబడింది. రమ్మని అందర్నీ పిలిచింది ఆయనే, తన సాక్ష్యం చూడమని. మొదట్లో ఆయన తెల్లటోపీ నాకంటే చాలా ముందుంది. నేను తొందరపడలేదు. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా కప్పు అందుకున్నాను. చేతిలో నా భార్య కలిపిచ్చిన ప్లాస్టిక్ బుడ్డి ఉంది. ఎండ ముదిరిన కొద్దీ ఆ టోపీ దగ్గరైంది. తరవాత అది రోడ్డు మీద ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగడం చూశాను. దగ్గరికెళ్లేసరికి ఆయన మెడ పొడిగా ఉంది. చొక్కా మీద ఉప్పు చారలు కట్టింది. ఆ గుర్తులు నాకు తెలుసు.

నాకు జాలి వేయలేదు. సంతోషం వేసింది. ఏడాదిగా అడిగింది అడిగినట్టు దేవుడు నా ముందు పెట్టాడు. శత్రువుకు దప్పిక వేస్తే నీళ్లివ్వమని, ఇస్తే అతని తల మీద నిప్పులు కుప్పపోసినట్టేనని మాకు నేర్పారు. అందులో రెండో సగం మీదే నాకు ప్రేమ. మలుపు దగ్గర మా వాళ్లందరూ కనబడుతున్నారు. బుడ్డి ఆయన కళ్ల ముందు పెట్టాను.

"అడగండి అన్నయ్యగారూ."

"తమ్ముడూ..."

"నోరు తెరిచి అడగండి."

ఆయన మలుపు వైపు చూశాడు. కంజిర ఆగింది. పెదాలు విడదీయడానికే ఆయనకు కాసేపు పట్టింది. "నీళ్లు" అన్నాడు. "నీళ్లివ్వు."

ఇచ్చాను. రెండు గుక్కలు తాగాక లాక్కున్నాను. "నెమ్మదిగా. ఒక్కసారే పోసుకుంటే కక్కుకుంటారు." మళ్లీ ఇచ్చాను. నీళ్లు ఆయన గడ్డం మీదుగా కారాయి. సంఘమంతా చూసింది. ఆయన రెండు చేతులా బుడ్డి పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాక, దాన్ని ఆయనకే వదిలేసి నేను గీత దాటాను. చాలాసేపటికి ఆయన నడుచుకుంటూ వచ్చాడు.

తీరిపోయిందనుకున్నాను. తరవాతి బల్ల ఆదివారం, రొట్టె పంచకముందు, ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "ఎడారిలో చెట్టు కింద పడుకున్న ప్రవక్తకు దూత చేత నీళ్లబుడ్డి పంపిన దేవుడు నాకూ ఒక దూతను పంపాడు. నేను లేచి నడిచాను" అన్నాడు. జనం స్తోత్రం అన్నారు. చివరికి ఆ నీళ్లు కూడా ఆయనే పట్టుకుపోయాడు! లేవబోతుంటే నా భార్య నా మోకాలు నొక్కి తానే లేచింది. ఏడాది తరవాత ఆ హాలులో ఆమె గొంతు వినబడింది.

"అందరికీ వందనాలండి. ఆ దూత మా ఆయనేనండి. రెక్కలేమీ లేవు. బుడ్డిలో ఉప్పూ నిమ్మకాయా కలిపింది నేను. కావాలంటే కొలతలు చెబుతాను."

ముందుగా నవ్వింది పెద్దాయన భార్యే. తరవాత వెనక వరుసలు నవ్వాయి. నా భార్య మాత్రం నవ్వలేదు.

"అన్నయ్యగారూ, మా ఆయన పడితే పాపం అన్నారు. మీరూ పడబోయారు, బుడ్డి తాగి నిలబడ్డారు. ఏ పాపం ఒప్పుకున్నాక నిలబడ్డారో సంఘానికి చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల మీద గుడ్డ తీసి, గ్లాసుల పళ్లెం పట్టుకుని నేరుగా రెండో వరుసకు వచ్చాడు. నాకు చాపాడు. నేను చెయ్యి చాపలేదు.

"ముందు చెప్పండి" అన్నాను.

"తమ్ముడిలో దాచిన పాపం ఉందన్నాను. అది దేవుడు నాకు చెప్పింది కాదు."

"వెనక వాళ్లకి వినబడలేదండి" అంది నా భార్య.

ఆయన వెనక్కి తిరిగి, ప్రసంగం చెప్పే గొంతుతో మళ్లీ చెప్పాడు. నా భార్య ముందు గ్లాసు అందుకుంది. తరవాత నేను. ద్రాక్షరసం తియ్యగా ఉంది. ఆయన అందరి ముందూ తల వంచడం అంతకంటే తియ్యగా ఉంది. ప్రభువు బల్ల దగ్గర నాలుక మీద ఆ రెండు రుచులూ పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాన్ని ఉమ్మెయ్యాలని కూడా అనిపించలేదు.

ఆయన కోసం ప్రార్థించాలని నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. చెయ్యెత్తి నేల మీద పడి ఉన్న నన్ను ఆయన చుట్టి వెళ్లిన చోటికి వచ్చేసరికి నా నోరు మూసుకుపోతుంది. అందుకని, ఇది చదివిన మీరు నాతో కలిసి తలలు వంచండి. మా సంఘంలో ఒకరు ముందు పలికితే మిగతావాళ్లు వెనక పలుకుతారు. ముందు మీరు పలకండి. 'ప్రభువా, ఆ పెద్దాయనను దీవించు' అనండి. మీ వెనక నేను పలకడానికి ప్రయత్నిస్తాను. ఆమేన్ మాత్రం నేను పలికేదాకా ఆపండి.