నాలుగు గళ్ళు, చింతపిక్కలు

నిన్న మా అమ్మాయి బయాలజీ నోట్సులో నాలుగు గళ్ళు గీస్తుంటే నాకు చింతపిక్కలు గుర్తొచ్చాయి. తెలుగు మీడియంలో పది చదివినవాళ్ళారా, బహిర్గతం, అంతర్గతం గుర్తున్నాయా మీకు?

మాచర్లలో మా వసారా నాపరాళ్ళ మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, మా అక్క నాకా అనువంశికత పాఠం చెప్పింది. ఒక్కో గడిలో రెండేసి చింతపిక్కలు. కొన్ని నల్లవి, కొన్ని అరగదీసిన తెల్లవి.

"నలుపు పక్కనుంటే తెలుపు దాక్కునే ఉంటదే. రెండు తెల్లవి ఒకే గడిలో పడితేనే బయటపడుద్ది."

పరీక్షలైన నెలకే అక్కను మేనమామకిచ్చి చేశారు. "దగ్గర సంబంధంలో దాక్కున్నవి బయటపడతాయమ్మా" అని ఏడ్చింది.

"పుస్తకంలో రాసింది బఠాణీల గురించి గదే, మనుషుల గురించా?" అంది అమ్మ.

నాలుగు గళ్ళలో రెండు తెల్లవి పడేది ఒక్కదాంట్లోనే. అక్క పిల్లలిద్దరూ ఆ గడిలోనే పడ్డారు. ఇద్దరికీ పుట్టుచెవుడు.

నిన్న అమ్మ నా పక్కనే కూర్చుని మనవరాలి గీతలు మురిపెంగా చూసింది.

"దీన్ని మీ తమ్ముడి కొడుక్కే అనుకుందామే. బయటోళ్ళని ఏం నమ్ముతాం?"

మా ఆయన తలూపాడు. మా అమ్మాయి తలొంచుకుని నాలుగో గడి నింపుతోంది.