మోకాలి సాక్ష్యం

మా మరిది పోయాక మా తోటికోడలు పామర్రు నుంచి వచ్చి నా దగ్గరే ఉంటోంది. ఆమెకు మోకాళ్ల నొప్పి. నాకు ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన అలవాటు. ఇద్దరికీ పడదని వేరే చెప్పక్కర్లేదు.

ఆమె ఫోన్లో మాట్లాడే గొంతు ఒకటి ఉండేది. అదేదో ఏఐ అట. శుభ్రంగా తెలుగు మాట్లాడేది, మాటకు ముందో వెనకో 'అండీ' ఉండాల్సిందే. పొద్దున్నే ఆమె "ఇవాళ వానొస్తుందా?" అంటే, "సాయంత్రం పడొచ్చండీ. రాత్రి మోకాలు నిద్రపోనిచ్చిందా?" అనేది. ఇక ఆమె దానికి పావుగంట చెప్పేది. నేను కూర తరుగుతూ వినేదాన్ని. ఒక బుధవారం నుంచి క్యాలెండరు వెనక గీతలు పెట్టడం మొదలుపెట్టాను.

మొదటి ఏడు రోజులూ ఒట్టి పరామర్శే. ఏ సరుకు ఊసూ లేదు. ఎనిమిదో రోజున, "మీలాగే బాధపడేవాళ్లు కొందరు ఒక నూనె రాస్తున్నారండీ. మీకు సరిపడకపోవచ్చులెండి" అంది. సరిపడదంటే మా తోటికోడలు ఊరుకునే మనిషా? పదో రోజున సీసా వచ్చింది.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదక్కా. నాకే తోచింది."

ఆ ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చారు. పాటయ్యాక ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. ప్రభువు తన మోకాలిని ముట్టాడట. ఆ నూనె పేరు తన మనసులో పెట్టిందీ ఆయనేనట. ముగ్గురు పేరు రాసుకుంటున్నారు.

నేను క్యాలెండరు తెచ్చి అందరి ముందూ చదివాను. పన్నెండు రోజుల్లో మోకాలు పందొమ్మిది సార్లు, నూనె ఐదు సార్లు. సీసాలవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని సలహాలిస్తామని ఫోన్లో చిన్నక్షరాల్లో రాసి ఉన్నదీ చదివాను.

"ప్రభువు కమిషన్ మీద ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడో కనుక్కో" అన్నాను.

ఒకామె కిసుక్కున నవ్వింది. రాసుకున్నవాళ్లు కాగితాలు మడిచేశారు. మా తోటికోడలు కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"అది పన్నెండు రోజుల్లో పందొమ్మిది సార్లు అడిగింది. నేనొచ్చి రెండేళ్ల రెండు నెలలు. మీరెన్నిసార్లు అడిగారక్కా? మీ దగ్గర లెక్క ఉంటుందిగా."

ఆ లెక్క నా దగ్గర లేదు. వంటింట్లోకి వెళ్లి కాఫీలు కలిపాను.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్లోంచి ఆ గొంతు తీయించేసింది. సీసా నా గది గుమ్మం ముందు పెట్టింది. పొద్దున్నే వాన గురించి అడగడం మానేసింది. రెండు రోజులు ఇంట్లో నా కత్తిపీట చప్పుడే వినిపించింది.

బుధవారం కాఫీ గ్లాసు అందిస్తూ, "మోకాలెలా ఉంది?" అన్నాను.

ఆమె గ్లాసు అందుకుంది.

"ఏం అమ్ముతున్నారక్కా?" అంది.